మూడు దేశాలకు ఒకే యాప్ వద్దు, రేకుల కప్పుతో మొదలుపెట్టండి

మీ ప్రశ్న నాకు అర్థమైంది ఇలా. విశాఖలో ఆరుగురు బీటెక్ మూడో ఏడు విద్యార్థులు: ముగ్గురు సివిల్, ఇద్దరు ఈసీఈ, ఒకరు సీఎస్ఈ. జపాన్‌లోని మియాగి నుంచి ఒక జట్టు, తుర్కియేలోని హతాయ్ నుంచి మరో జట్టు మీతో కలుస్తున్నాయి. గడువు 14 వారాలు. విషయం విపత్తులో దెబ్బతిన్న నగరాల పునర్నిర్మాణం. డ్రోనుతో ఫొటోలు తీసి, ఏఐతో నష్టం లెక్కకట్టి, మూడు నగరాలకూ పనికొచ్చే ఒకే యాప్ చేయాలని మీ ఆలోచన. ఏ పరికరాలు కొనాలి, పని ఎలా పంచుకోవాలి అని అడిగారు.

ముందు ఆ యాప్ ఆలోచన పక్కన పెట్టమంటాను. మూడు ఊళ్ల నష్టం మూడు రకాలు. 2011 మార్చి 11న మియాగి తీరాన్ని దెబ్బతీసింది సునామీ. 2023 ఫిబ్రవరి 6న హతాయ్‌లో భూకంపానికి కాంక్రీటు భవనాలు కుప్పకూలాయి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను మన దగ్గర తీరం దాటినప్పుడు గోడలు చాలావరకు నిలబడ్డాయి. లేచిపోయినవి రేకులు, విరిగినవి స్తంభాలు, చెట్లు, అద్దాలు. విమానాశ్రయం టెర్మినల్ కప్పు కూడా ఊడింది. భూకంప నష్టానికి వాడే యూరోపియన్ స్కేలులో ఐదు గ్రేడులుంటాయి. అది ప్రధానంగా గోడలు, స్తంభాలు ఎంత దెబ్బతిన్నాయో చూస్తుంది. కప్పు మొత్తం ఎగిరిపోయి గోడలు నిక్షేపంగా ఉన్న ఇల్లు అందులో కింది గ్రేడుల్లోనే పడొచ్చు. ఆ ఇంట్లో మాత్రం ఒక్క రాత్రి కూడా ఉండలేరు. ఒకే యాప్, ఒకే స్కేలు అన్నది ఇక్కడే బోల్తా పడుతుంది.

కాబట్టి ఒక్కో ఊరి జట్టు తన ఊరి సమస్యలో ఒక్క ముక్కను తీసుకోవాలి. మిగతా రెండు జట్లు ఆ పద్ధతిని తనిఖీ చేయాలి, తమ దగ్గర ఒకసారి తిరిగి చేసి చూడాలి. దేశాలు దాటేది పద్ధతి, ఫారం, కోడు, పరీక్ష విధానం. డేటా ఎక్కడిది అక్కడే ఉంటుంది. దీనికి చట్టపరమైన కారణం కూడా ఉంది, తరవాత చెబుతాను.

విశాఖ జట్టు తీసుకోవాల్సిన ముక్క రేకుల కప్పు. ఎందుకో లెక్కలోనే తెలుస్తుంది. కట్టడాల మీద గాలి భారం చెప్పే భారత ప్రమాణం ఐఎస్ 875 మూడో భాగం, 2015 ప్రకారం విశాఖకు మూల గాలి వేగం సెకనుకు 50 మీటర్లు, అంటే గంటకు 180 కిలోమీటర్లు. గాలి ఒత్తిడి వేగం వర్గానికి 0.6 రెట్లు కాబట్టి, మిగతా గుణకాలన్నీ 1 అనుకుంటే చదరపు మీటరుకు 1500 న్యూటన్లు. కప్పు మూలల్లో పైకి లాగే చూషణ ఎక్కువ. అక్కడ గుణకం 2 తీసుకుంటే 3000 న్యూటన్లు. రేకులను మోసే అడ్డ కడ్డీల (పర్లిన్‌ల) మధ్య 1.2 మీటర్లు, బోల్టుల మధ్య 30 సెంటీమీటర్లు ఉంటే ఒక్కో బోల్టు మీద 0.36 చదరపు మీటర్ల రేకు పడుతుంది. అంటే 1080 న్యూటన్లు, సుమారు 110 కిలోల లాగుడు. తుపాను షెల్టరు, ఆసుపత్రి లాంటి కట్టడాలకు అదే కోడ్ తీరానికి 60 కిలోమీటర్ల లోపల 1.3 గుణకం అడుగుతుంది. ఆ గుణకం వేగానికి. ఒత్తిడి వేగం వర్గంతో పెరుగుతుంది కాబట్టి భారం 1.69 రెట్లవుతుంది, బోల్టుకు సుమారు 1825 న్యూటన్లు. దాన్ని నేరుగా భారం మీద 30 శాతం వేసుకోవడం విద్యార్థి రిపోర్టుల్లో మామూలుగా కనిపించే తప్పు.

ఇప్పుడు మన కాలనీల్లో ఉన్నదేమిటో చూడండి. యాంగ్లరుకు (ఎల్ ఆకారపు ఇనుప కడ్డీకి) తగిలించిన జె ఆకారపు హుక్కు, పైన తారు వాచరు, దాని మీద పల్చటి జీఐ బిళ్ల. సముద్రపు గాలికి హుక్కు మర దగ్గర తుప్పు పడుతుంది, తారు వాచరు ఎండకు పగులుతుంది. చాలా ఇళ్లలో అంచు వరసకు కూడా నడిమి వరసకు పెట్టినంత దూరంలోనే హుక్కులుంటాయి. లాగుడు ఎక్కువుండేది అంచుల్లో, మూలల్లో.

బోల్టును ఒక్కసారి లాగి, ఎంతకు తెగిందో రాసుకుంటే చాలదు. 1974 డిసెంబరు 25న ఆస్ట్రేలియాలోని డార్విన్ నగరాన్ని ట్రేసీ తుపాను తుడిచిపెట్టింది. పల్చటి ఉక్కు రేకులు వేలసార్లు ఊగి, స్క్రూ తల చుట్టూ పగిలి, తల మీదుగా జారి లేచిపోయాయని అక్కడ తేలింది. స్క్రూ తెగలేదు, రేకు చిరిగింది. ఆ అనుభవం తరవాతే 1977లో టౌన్స్‌విల్‌లో తుపాను పరీక్షా కేంద్రం పెట్టారు. ఆస్ట్రేలియా పరీక్ష క్రమం ఇలా ఉంటుంది: డిజైను భారంలో 45 శాతంతో 4500 సార్లు, 60 శాతంతో 600, 80 శాతంతో 80, పూర్తి భారంతో ఒకసారి, మళ్లీ అదే క్రమం వెనక్కి. మొత్తం 10,361 సార్లు. సెకనుకు ఒకసారి చొప్పున మూడు గంటల్లోపే అయిపోతుంది. కాలేజీ వర్క్‌షాపులో చేయగలిగిన పని ఇది.

యంత్రం వివరాలు: 50×50×6 యాంగ్లరుతో చట్రం. లాగడానికి గాలి సిలిండరు. 63 మిల్లీమీటర్ల బోరుకు (లోపలి వ్యాసానికి) 6 బార్ దగ్గర లెక్క ప్రకారం 1870 న్యూటన్లు వస్తాయి. సీలు రాపిడికి పదో వంతు పోతుందనుకుని 7 బార్ ఇచ్చే కంప్రెసరు చూసుకోండి. లెక్క సిలిండరు తోసే వైపుది. లాగే వైపు కడ్డీ మందం మేర బలం తగ్గుతుంది, అందుకే తోపునే వాడేలా చట్రం అమర్చండి. గాలి వాడకం కూడా ముందే లెక్కేయండి. స్ట్రోకు, అంటే కడ్డీ కదిలే దూరం, 50 మిల్లీమీటర్లు పెడితే, సెకనుకు ఒకసారి చొప్పున నిమిషానికి 75 లీటర్ల గాలి కావాలి. చిన్న ఒక హెచ్‌పీ కంప్రెసరు గంట గడిచేసరికి వేడెక్కి మొరాయిస్తుంది. స్ట్రోకును 20 మిల్లీమీటర్లకు కట్టేస్తే 30 లీటర్లు చాలు. రేకు ఎలాగూ అంతకంటే ఎక్కువ ఎత్తు లేవకూడదు.

బలం కొలవడానికి 500 కిలోల ఎస్ రకం లోడ్ సెల్ (బలాన్ని విద్యుత్ సంకేతంగా మార్చేది), దాన్ని అంకెలుగా మార్చే హెచ్ఎక్స్711 బోర్డు. ఇక్కడ ఈసీఈ వాళ్లు జాగ్రత్త పడాలి. మార్కెట్లో దొరికే చాలా బోర్డుల్లో వేగం పిన్‌ను గ్రౌండుకు కలిపేసి ఉంచుతారు, సెకనుకు 10 కొలతలే వస్తాయి. సెకనుకు ఒక ఊపు ఉన్నప్పుడు 10 కొలతల్లో శిఖరం జారిపోతుంది. ఆ పిన్ లేపి సరఫరాకు కలిపితే 80 వస్తాయి.

నమూనా బిగింపు ఇంకా పెద్ద చిక్కు. 60 సెంటీమీటర్ల రేకు ముక్కను నాలుగు అంచులా గట్టిగా బిగిస్తే అది వంగదు. అసలు కప్పులో రేకు పర్లిన్‌ల మధ్య ఊగుతుంది. బిగించిన ముక్క నిజం కంటే బలంగా కనిపించి మిమ్మల్ని మోసం చేస్తుంది. అందుకని మూడు పర్లిన్‌ల మీద పూర్తి పొడవు రేకు వేసి, నడిమి పర్లిన్ దగ్గర పరీక్షించండి. నాలుగు రకాలు పోల్చితే చాలు: మామూలు జె హుక్కు; మూడేళ్లు సముద్రం దగ్గర వాడి విప్పిన జె హుక్కు; సెల్ఫ్ డ్రిల్లింగ్ స్క్రూ; అదే స్క్రూ కింద రేకు మెట్టకు సరిపడే వెడల్పాటి తుపాను వాచరు. ఒక్కో రకానికి కనీసం మూడు నమూనాలు. సిమెంటు రేకుల జోలికి పోకండి. పాత వాటిలోనే కాదు, ఇప్పటికీ అమ్మే చాలా వాటిలోనూ ఆస్బెస్టాస్ ఉంటుంది, కోసినా డ్రిల్ చేసినా ఆ దుమ్ము ఊపిరితిత్తులకు చేటు.

యంత్రం తయారవుతుండగా సర్వే. ఒక్క వార్డులో 400 ఇళ్లు చాలు. ఇంటికి 12 నిమిషాలు చొప్పున 80 గంటలు. ఇద్దరిద్దరు చొప్పున మూడు జంటలైతే ఒక్కో జంటకు 27 గంటలు, అంటే ఏడు ఆదివారాల ఉదయాలు. ముందు వార్డు సచివాలయంలో ప్లానింగ్ కార్యదర్శిని కలిసి, కాలేజీ లెటర్‌హెడ్ మీద అనుమతి తీసుకోండి. అది లేకుండా వీధిలోకి వెళితే మొదటి గంటలోనే ఆపేస్తారు, ఆపడమే సబబు.

ఫారానికి కోబో గానీ ఓడీకే గానీ, ఈ రెండు సర్వే యాప్‌లలో ఏదైనా వాడండి. రెండూ నెట్ లేకుండా పనిచేస్తాయి. ప్రశ్నలు 15 దాటితే ఆరో ఇంటికే మీవాళ్లు ఊహించి నింపడం మొదలుపెడతారు. అవసరమైనవి ఇవి: కప్పు రకం, వాలు, పర్లిన్ దేనిది, హుక్కుల మధ్య దూరం నడిమిలో ఎంత, అంచులో ఎంత, తుప్పు స్థాయి, చూరు ఎంత బయటికుంది, మీద రాళ్లు, టైర్లు పెట్టారా, 2014లో కప్పు పోయిందా, పోతే తిరిగి ఎలా వేశారు. చివరి ప్రశ్న అన్నిటికంటే విలువైనది. చాలామంది లేచిపోయిన రేకునే తెచ్చి, పాత బెజ్జాల్లోనే కొత్త హుక్కు వేసుంటారు. ఫొటో ప్రశ్నకు గరిష్ఠ పిక్సెళ్లు 1024 అని పెట్టండి, లేకపోతే అప్‌లోడు రాత్రంతా సాగుతుంది. ఇరుకు సందుల్లో జీపీఎస్ పక్కింటికి జరుగుతుంది. కాబట్టి ఎవరైనా గీయగల ఉచిత మ్యాపు ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో ఇళ్ల గీతలు ముందే గీసి, ప్రతి ఇంటికీ నంబరిచ్చి, ఫోనులో ఆ ఇంటి మీద నొక్కేలా చేయండి.

ఇంకో ముఖ్యమైన మాట. తుపాను తరవాత ఇళ్లు రాసుకోవడానికి వచ్చేది రెవెన్యూ వాళ్లు, అది పరిహారం కోసం. మీరు ఫారం పట్టుకుని గుమ్మంలో నిలబడగానే అవతలివాళ్లకు అదే గుర్తొస్తుంది. "అమ్మా, మేం కాలేజీ పిల్లలం, ఇది చదువు కోసం, దీనివల్ల డబ్బులు గానీ ఇల్లు గానీ రావు" అని మొదటి వాక్యంలోనే చెప్పాలి. చెప్పకపోతే నెల తిరిగేసరికి సచివాలయం దగ్గర "పేరు రాసుకున్నారు, డబ్బులు పడలేదు" అనే గొడవ మొదలవుతుంది. ఆ వార్డులో మీ తరవాత వచ్చే జట్టును ఎవరూ నమ్మరు. పేరు, ఆధార్, రేషన్ కార్డు నంబరు అడగొద్దు. మీ లెక్కకు అవేవీ అక్కర్లేదు.

డ్రోన్ గురించి. 2021 డ్రోన్ రూల్స్ ప్రకారం 250 గ్రాముల నుంచి 2 కిలోల వరకు మైక్రో తరగతి. వ్యాపారేతర పనికి పైలట్ సర్టిఫికెట్ అక్కర్లేదు గానీ రిజిస్ట్రేషన్ నంబరు ఉండాలి, ఎగరేసే ముందు ప్రభుత్వ డిజిటల్ స్కై మ్యాపులో జోన్ చూడాలి. విశాఖలో అసలు అడ్డంకి అదే. విమానాశ్రయం నౌకాదళానిది, తూర్పు నౌకాదళ కేంద్రం ఇక్కడే, నౌకా స్థావరాల చుట్టూ 3 కిలోమీటర్ల లోపల డ్రోన్లు నిషేధం. ఊళ్లో చాలా భాగం ఇందులోనే పడుతుంది. అనుమతి కోసం తిరుగుతుంటేనే 14 వారాలు అయిపోతాయి. ఇంతకీ మీకు డ్రోన్ అవసరమే లేదు. కొండవాలు కాలనీల్లో పై మెట్ల మీద నిలబడితే కింది వరస కప్పులన్నీ కనిపిస్తాయి. చదును వీధుల్లో పక్క డాబా ఎక్కండి, లేదా 6 మీటర్ల ఫైబర్‌గ్లాస్ కర్రకు ఫోను కట్టండి. అల్యూమినియం కర్ర మాత్రం వద్దు, పైన కరెంటు తీగలుంటాయి.

ఉపగ్రహ చిత్రాలతో కప్పులు చూడాలనుకుంటే, ఉచితంగా దొరికే సెంటినెల్-2 చిత్రంలో ఒక పిక్సెల్ 10 మీటర్లు. మీ సర్వే ఇల్లు అందులో ఒక చుక్క కూడా కాదు. పైగా తుపాను తరవాత మబ్బులు అడ్డుపడొచ్చు. ఏఐ విషయంలోనూ ఒక హెచ్చరిక. విపత్తుల్లో దెబ్బతిన్న భవనాల ఉపగ్రహ చిత్రాలతో చేసిన, సుమారు ఎనిమిదిన్నర లక్షల భవనాలున్న ఎక్స్‌బీడీ సమాహారం మీద నేర్పిన మోడళ్లు ఉచితంగా దొరుకుతాయి. గోడకు గోడ ఆనుకుని, ఒకే రేకుల వరసలా కనిపించే మన వాడల్లో అవి ఇల్లెక్కడ మొదలైందో ఎక్కడ ముగిసిందో పట్టలేవు. వందలో ఎనిమిది కప్పులే పాడైతే, "అన్నీ బాగున్నాయి" అని కళ్లు మూసుకుని చెప్పే మోడల్‌కు కూడా 92 శాతం కచ్చితత్వం వస్తుంది. అందుకని పాడైన వాటిలో ఎన్ని పట్టింది, బాగున్న వాటిని ఎన్ని పాడన్నది అనే రెండు అంకెలు లేని ఫలితాన్ని విదేశీ జట్టు పంపినా ఒప్పుకోకండి.

ఇక డేటా చట్టం. 2021 ఫిబ్రవరి 15 నాటి జియోస్పేషియల్ మార్గదర్శకాల ప్రకారం అడ్డంగా 1 మీటరు, నిలువుగా 3 మీటర్ల కంటే సూక్ష్మమైన కచ్చితత్వం ఉన్న మ్యాపు డేటాను దేశంలోని సర్వర్లలోనే ఉంచాలి, ఇక్కడే ప్రాసెస్ చేయాలి. గ్రౌండ్ కంట్రోల్ పాయింట్లతో (నేల మీద కచ్చితంగా కొలిచి పెట్టిన గుర్తులతో) చేసిన డ్రోన్ మ్యాపు ఈ గీత దాటేస్తుంది. దాన్ని ఉమ్మడి ఫోల్డరులో పడేసి మియాగి వాళ్లకు లింకు పంపడం కుదరదు. దారి ఏమిటంటే, వాళ్లు కోడు పంపుతారు, మీరు మీ కంప్యూటర్లో నడిపి, ఇంటి నంబరు తప్ప అక్షాంశ రేఖాంశాలు లేని పట్టిక తిరిగి పంపుతారు. జట్లు కలిసిన మొదటి వారంలోనే ఇది అందరికీ రాసి ఇవ్వండి. పదో వారంలో చెబితే మొహమాటాలూ మనస్పర్థలూ.

చిన్న విషయాలే గానీ రోజులు తినేవి కొన్ని. తుర్కియేలో దశాంశానికి కామా వాడతారు. వాళ్ల ఎక్సెల్ తీసి దాచిన సీఎస్‌వీలో (కామాలతో నిలువు వరసలు విడగొట్టే ఫైలులో) 17.72 కాస్తా 17,72 అయి రెండు నిలువు వరసలుగా చీలిపోతుంది. తేదీలు ఏడాది-నెల-రోజు క్రమంలోనే రాయాలి. తెలుగు అక్షరాలున్న ఫైలును యూటీఎఫ్-8గా (అన్ని లిపులూ పట్టే సంకేత పద్ధతిలో) దిగుమతి చేయకుండా నేరుగా ఎక్సెల్‌లో తెరిస్తే పిచ్చి గీతలొస్తాయి, అలాగే సేవ్ చేస్తే అసలు ఫైలూ పోతుంది.

అన్నిటికంటే ప్రమాదకరమైనది అక్షాంశం, రేఖాంశం తారుమారవడం. మియాగి రేఖాంశం 141 దాకా ఉంటుంది. దాన్ని అక్షాంశంగా ఇస్తే సాఫ్ట్‌వేర్ ఒప్పుకోదు, తప్పు వెంటనే తెలుస్తుంది. విశాఖ 17.7, 83.3 తారుమారైతే ఏ అభ్యంతరమూ లేకుండా ఆర్కిటిక్ సముద్రంలో పడుతుంది, మ్యాపు చూస్తే దొరికిపోతుంది. హతాయ్‌లోని అంతాక్యా 36.20, 36.16. అక్కడ తారుమారైతే ఇల్లు ఐదారు కిలోమీటర్లు జరిగి, ఊరి పరిసరాల్లోనే ఉన్నట్టు కనిపిస్తుంది. ఎవరూ గమనించరు. మూడు జట్లూ తమకు తెలిసిన ఒక్కో కూడలిని పరీక్ష బిందువుగా ప్రతి ఫైలులో మొదటి వరసలో పెట్టుకోవాలి.

ఎత్తుల్లోనూ ఇదే తంటా. జీపీఎస్ ఇచ్చే ఎత్తు సముద్రమట్టం నుంచి కొలిచింది కాదు. ఆర్‌కే బీచ్‌లో నిలబడితే పదుల మీటర్లు మైనస్ చూపుతుంది, మియాగి తీరంలో పదుల మీటర్లు ప్లస్. ఆ తేడాను సరిచేసే జియోయిడ్ సవరణ చేయకుండా రెండు ఊళ్ల వరద ఎత్తుల్ని ఒకే గ్రాఫులో పెట్టకండి.

మిగతా రెండు జట్ల ముక్కలు వాళ్లే ఎంచుకుంటారు, కానీ మీకు పనికొచ్చే సూచన ఒకటి చేయొచ్చు. హతాయ్‌కు శిథిలాలే పెద్ద ప్రశ్న కాబట్టి వాళ్లు పాత కాంక్రీటు కంకర మీద పనిచేస్తే, మీ సివిల్ వాళ్లు అదే మిశ్రమంతో ఇక్కడ పరీక్ష క్యూబులు పోసి సరిచూడొచ్చు. కంకర ప్రమాణం ఐఎస్ 383, 2016 ప్రకారం ఎం25 బలం గ్రేడు వరకు ఆర్‌సీసీలో అలాంటి కంకర 20 శాతం, ఉక్కు లేని కాంక్రీటులో 25 శాతం దాకా వాడొచ్చు. పాత కంకర నీళ్లు బాగా పీలుస్తుంది. ముందు రోజు నానబెట్టి, పైతడి తుడిచి వాడకపోతే కాంక్రీటు త్వరగా బిగుసుకుంటుంది. సముద్రపు నీళ్లు తగిలిన శిథిలాలైతే క్లోరైడు పరీక్ష తప్పనిసరి. కాంక్రీటు ప్రమాణం ఐఎస్ 456 ప్రకారం ఆర్‌సీసీలో ఘనమీటరుకు 0.6 కిలో దాటకూడదు.

మియాగి వాళ్లు గెడ్డల నీటిమట్టం కొలిచే సెన్సర్లు కానుకగా పంపుతామంటే, ఏ ఫ్రీక్వెన్సీవో ముందు అడగండి. తక్కువ కరెంటుతో దూరానికి కొలతలు పంపే లోరా రేడియోకు జపాన్‌లో 920 మెగాహెర్ట్జ్ పైన, మన దగ్గర లైసెన్సు లేకుండా వాడుకోగలిగేది 865 నుంచి మొదలయ్యే పట్టీ. ఆ బోర్డులు ఇక్కడ పెట్టడం చట్టవిరుద్ధం, యాంటెన్నా కూడా సరిపోదు.

కాలపట్టిక. జపాన్‌లో ఆగస్టు, సెప్టెంబరు సెలవులు, తుర్కియేలో సెమిస్టరు మొదలయ్యేది సెప్టెంబరు చివర్లో. ముగ్గురూ కలిసి పనిచేయగలిగేది అక్టోబరు నుంచి డిసెంబరు మధ్య వరకే. సమావేశానికి మన మధ్యాహ్నం రెండు గంటలు పెట్టుకోండి, అప్పుడు జపాన్‌లో సాయంత్రం ఐదున్నర, తుర్కియేలో ఉదయం పదకొండున్నర. వారానికి ఒక్కటి, 40 నిమిషాలు, ముందురోజే రాతలో ఎజెండా. మాట్లాడింది అర్థం కాకపోయినా జపాన్ విద్యార్థులు మర్యాదకు తలూపుతారు, మనవాళ్లూ అంతే. నిర్ణయాలు సమావేశం ముగిసేలోపు రాతలో పెట్టి ముగ్గురి చేతా సరే అనిపించుకోవాలి.

అక్టోబరు, నవంబరు మన తుపాను నెలలు కూడా. అందుకే సర్వే ఆదివారాల్ని ఉమ్మడి పని మొదలయ్యే ముందే, ఆగస్టు నుంచి పెట్టుకోండి. ఫారం తయారుచేసుకోవడానికి విదేశీ జట్లు అక్కర్లేదు. సీజన్‌లో తుపాను హెచ్చరిక వస్తే యంత్రం పని ఆపి ఇళ్లకు వెళ్లండి. గాలి తగ్గాక కూడా కరెంటు సిబ్బంది ఆ వీధిని సరిచూశామని చెప్పేదాకా అడుగు పెట్టకండి. భూగర్భ కేబుళ్లు అన్ని వీధులకూ రాలేదు. ఆ తరవాత పది రోజుల్లోపే అవే ఇళ్లకు తిరిగి వెళ్లి ఫొటోలు తీయాలి. పదకొండో రోజుకు టార్పాలిన్ పట్టాలు కప్పేస్తారు, కొత్త రేకులు వేసేస్తారు, ఏ హుక్కు దగ్గర చిరిగిందో చెప్పే రేకు పాత ఇనుము కొట్టుకు వెళ్లిపోతుంది.